నవగోప్యాలూ, ఫోన్ అడిగే అనుమతులూ: ‘గోప్యత’ సరైన మాటేనా?

ఏలూరు, తెలుగు లెక్చరర్:

మిత్రులకు నమస్కారం. ఈ శ్లోకం పెద్దవాళ్ల నోట వినే ఉంటారు.

ఆయుర్విత్తం గృహచ్ఛిద్రం మంత్రమైథునభేషజమ్
దానమానాపమానం చ నవైతాని సుగోపయేత్

వయసు, డబ్బు, ఇంటిగుట్టు, మంత్రం, దాంపత్యం, మందు, దానం, మానం, అవమానం. ఈ తొమ్మిదీ బయటపెట్టకు అంటుంది. పాఠాంతరాలున్నాయి, కొందరు ‘మానం’ బదులు ‘తపస్సు’ అని చదువుతారు. మనవాళ్లు వీటినే నవగోప్యాలు అంటారు.

ప్రైవసీకి పత్రికల్లోనూ కోర్టు వార్తల్లోనూ ‘గోప్యత’ స్థిరపడిపోయింది. నా గొడవ ఆ మాటతోనే. గోప్యం అంటే దాచవలసినది. ‘గోప్యత హక్కు’ అనగానే వినేవాడికి ఏదో దాచుకునే హక్కు అనే తోస్తుంది. దాచేవాడంటే మనకు ముందే అనుమానం. ‘నా దగ్గర దాచడానికేముంది, చూసుకోనీ’ అనే జవాబుకు సగం కారణం ఈ మాటేనేమో.

ఇంకొకటి. శ్లోకంలో పనంతా దాచేవాడిదే. అడిగేవాడికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నలుగురి మధ్య బతికే రోజుల్లో అది సరిపోయింది, నోరు కట్టుకుంటే చాలు. ఇప్పుడు మనం నోరు కట్టుకున్నా చేతిలో ఫోన్ ఊరుకోదు. టార్చిలైటు యాప్‌కు నా కాంటాక్టులు ఎందుకు? దీపం వెలిగించడానికి మా బావమరిది నంబరు కావాలా? బాధ్యత అడిగేవాడి మీద పెట్టే మాట తెలుగులో ఏదైనా ఉందా? చెప్పండి.

ఖమ్మం, లెక్కల టీచర్:

గురువుగారూ, ‘ప్రైవసీ’ అనే అందాం. మా క్లాసులో పిల్లలు అదే అంటారు, వాళ్ల అమ్మానాన్నలూ అదే అంటారు. బస్సు, రైలు మనవైపోలేదా?

ఏలూరు, తెలుగు లెక్చరర్:

మాట్లాడేటప్పుడు నేనూ ప్రైవసీ అనే అంటాను. చట్టంలోకి వచ్చేసరికి దాని పక్కన క్రియలు కావాలి. దాచాడు, కాపాడాడు, అడిగాడు, ఇచ్చాడు, తిరిగి తీసుకున్నాడు. ‘ప్రైవసీ చేశాడు’ అనలేం కదా.

తెనాలి, రిటైర్డ్ తెలుగు పండితుడు:

నాయనా, గోప్యతను అంత తొందరగా పారేయకు. సంస్కృతంలో గుప్ ధాతువుకు మొదటి అర్థం రక్షించడమే. గోప్త అంటే రక్షకుడు. ఆవులను కాచేవాడు గోపుడు. ఆ గోప శబ్దం నుంచే కాపాడడం అనే అర్థమిచ్చే సంస్కృత క్రియ, దాని నుంచి గుప్ ధాతువు పుట్టాయని భాషాశాస్త్రం తెలిసినవాళ్లు చెబుతారు. దాచడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. విలువైనదాన్ని కాపాడాలంటే కొంత మరుగున పెట్టాలి కదా, అలా. కాబట్టి ‘సుగోపయేత్’ అంటే బాగా దాచుకో అనే కాదు, బాగా కాచుకో అని కూడా. గోప్యత అంటే కాపాడవలసినతనం అని చెప్పుకుంటే నీ అభ్యంతరం చాలావరకు పోతుంది.

శ్లోకంలో ఇంకో రెండు మాటలు జాగ్రత్తగా చదవాలి. ‘భేషజం’ ఇక్కడ మందు. తెలుగులో భేషజాలకు పోవడం అంటే వేరే సంగతి. ఎవరో ఒక వీడియోలో ‘భేషజాన్ని దాచుకోవాలి’ అని గర్వం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చారు! ‘ఛిద్రం’ అంటే చిల్లు. గృహచ్ఛిద్రం అంటే ఇంటికి పడ్డ కన్నం, అంటే ఇంట్లో లోపం.

కరీంనగర్, డిగ్రీ విద్యార్థి:

సార్, అయితే మంత్రం అంటే ఓటీపీ. చెవిలో చెప్పాలి, ఇంకెవరికీ చెప్పొద్దు 😀

తెనాలి, రిటైర్డ్ తెలుగు పండితుడు:

బాగుందయ్యా. కానీ మంత్రం అంటే ఆలోచన కూడా. మంత్రి, మంత్రాంగం అన్నీ అక్కడివే. నలుగురు కూర్చుని చేసుకునే ఆలోచన బయటికి పొక్కకూడదని అర్థం. మీ లెక్కలో అది ఓటీపీ కంటే వాట్సాప్ చాట్‌కు దగ్గర.

విజయనగరం, హైస్కూలు టీచరమ్మ:

సంస్కృతం దాకా ఎందుకండీ, మనకు ‘గుట్టు’ ఉంది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. అందులో తప్పు పని వాసన లేదు. ‘గుట్టుగా కాపురం చేసుకుంటోంది’ అంటే అది మెచ్చుకోలే. ‘మరుగు’ కూడా చూడండి. మరుగుదొడ్డి తలుపు వేసుకున్నవాణ్ని లోపల ఏం దాస్తున్నావని ఎవరూ అడగరు. ‘నా దగ్గర దాచడానికేముంది’ అనేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను, నవ్వేసి ఊరుకుంటారు.

ఇక అడిగేవాళ్ల సంగతి. మా ఊళ్లో ఒక పెద్ద బట్టల షాపులో ఫోన్ నంబరు చెబితేగానీ బిల్లు కొట్టం అన్నారు. జాకెట్టు ముక్కకు నంబరెందుకమ్మా అంటే సిస్టం తీసుకోదంది ఆ అమ్మాయి. మాటలో మార్పు చూశారా? పూర్వం ‘మీ నంబరు ఇస్తారా అండీ’ అనేవారు. ఇప్పుడు ‘నంబర్ చెప్పండి’. నేను చెప్పలేదు. వెనక లైన్లో ఉన్నవాళ్లు నన్నే విసుక్కున్నారు.

హైదరాబాద్, వకీలు:

అక్కా, మీరు చెప్పకపోవడమే రైటు. బిల్లు కోసం ఫోన్ నంబరు పట్టుబట్టి అడగొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సలహా పంపింది.

పండితులవారి వ్యుత్పత్తికి చట్టంలోనే ఊతం దొరుకుతుంది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం మన సమాచారం తీసుకునే సంస్థను ‘డేటా ఫిడ్యూషియరీ’ అంటుంది. నమ్మి అప్పగించినదాన్ని కాపాడే బాధ్యత ఉన్నవాడని ఆ మాటకు అర్థం. అంటే గోపుడే! ఆవులు ఊరివాళ్లవి, వాడి పని మేపి సాయంత్రానికి ఇంటికి తోలుకురావడం. దారిలో పాలు పిండి అమ్ముకుంటే ఊరుకుంటామా? ఆ సమాచారం ఎవరిదో వాళ్లను చట్టం ‘డేటా ప్రిన్సిపల్’ అంది, వాళ్లకు ‘షి’, ‘హర్’ అనే సర్వనామాలే వాడింది. ఆడా మగా అందరికీ అవే వర్తిస్తాయని నిర్వచనంలో రాసుకుంది. తెలుగు చేసేవాళ్లు ఇక్కడ తల గోక్కోవాల్సిందే.

హక్కు ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఆధార్ కేసులో, ప్రైవసీ అసలు ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. దానికి 1954 నాటి ఎనిమిది మంది జడ్జీల తీర్పును చూపించింది. ఎనిమిది మంది మాటను దాటాలంటే తొమ్మిది మంది కూర్చోవాలి. అలా కూర్చున్న సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న, ఆధార్‌ను సవాలు చేసిన రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి పేరు మీదున్న ఆ కేసులోనే, అది ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తొమ్మిది మందిలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు.

కరీంనగర్, డిగ్రీ విద్యార్థి:

తొమ్మిది గోప్యాలకు తొమ్మిది మంది జడ్జీలు! లెక్క కుదిరింది సార్.

అనంతపురం, బ్యాంకు ఉద్యోగి:

విత్తం గురించి నేనొక మాట. లోన్ యాప్‌ల గొడవ తెలిసిందే. మూడు వేలు అప్పిచ్చి, ఫోన్‌లో ఉన్న బంధువులందరికీ ‘వీడు దొంగ’ అని మెసేజ్‌లు పంపేవాళ్లు. శ్లోకంలో విత్తం రెండోది, అవమానం చిట్టచివరిది చూడండి, వీళ్లు ఆ దూరమంతా ఒక్క వారంలో నడిపించేవారు. డిజిటల్ అప్పుల యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో నియమం పెట్టింది. కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం, అంటే అప్పు అడిగేది ఎవరో సరిచూసుకోవడానికి, ఒక్కసారి, అదీ స్పష్టంగా అడిగి, తీసుకోవచ్చు. అయినా దొంగ యాప్ నియమం చదువుతుందా? మా బ్రాంచికి వచ్చి ఏడ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకటే మాట అన్నారు: ‘ఏదో అడిగింది సార్, ఓకే కొట్టాను’. నాకైతే గోప్యత కంటే ఈ ‘ఓకే కొట్టడం’ మీదే చర్చ జరగాలనిపిస్తుంది.

డల్లాస్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:

అన్నా, నేను అక్కడికే వస్తున్నాను. నా ఫోన్ తెలుగులో పెట్టుకున్నాను. ఏ యాప్ తెరిచినా రెండు బటన్లు: ‘అనుమతించు’, ‘అనుమతించవద్దు’. ఇవి ఎవరు ఎవరితో అంటున్న మాటలు? ‘అనుమతించవద్దు’ అని ఫోన్ నాకు సలహా ఇస్తోందా, నేను ఫోన్‌కు ఆజ్ఞ ఇస్తున్నానా? మా అమ్మ అది చదివి ‘వద్దంటోంది కదరా, మరి ఎందుకు అడుగుతోంది’ అంది. ‘ఇస్తాను’, ‘ఇవ్వను’ అని పెడితే అయిపోయేది. అప్పుడు మాట నాది అవుతుంది.

ఇంకా ఘోరం, కాదంటే దెప్పే బటన్లు. టికెట్ కొనేటప్పుడు ఇన్సూరెన్స్ వద్దంటే ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అని నా చేతే ఒప్పిస్తారు. ఇలాంటివాటిని డార్క్ ప్యాటర్న్స్ పేరుతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో నిషేధించింది, పదమూడు రకాలు లెక్కపెట్టింది. ఇన్సూరెన్స్ బటన్ ఆ మార్గదర్శకాల్లో ఉన్న ఉదాహరణే. అందులో ‘కన్ఫర్మ్ షేమింగ్’ అన్నదానికి ‘దెప్పి ఒప్పించడం’ సరిపోతుందా? మనల్ని అడగకుండానే బిల్లులో ఇంకేదో చేర్చేసే ‘బాస్కెట్ స్నీకింగ్’కు మాత్రం ‘బుట్టలో దూర్చడం’ అని నేను ఇప్పటికే వాడేస్తున్నా.

విజయనగరం, హైస్కూలు టీచరమ్మ:

దెప్పి ఒప్పించడం భలే ఉంది తమ్ముడూ. అత్తగారిళ్లలో ఇది ఎప్పటినుంచో ఉంది, పేరే లేదు.

హైదరాబాద్, వకీలు:

‘ఓకే కొట్టడం’ మీద ఆ 2023 డేటా చట్టం ఏమందో చెబుతాను. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఒక నిర్దిష్టమైన పనికి ఇచ్చినదై ఉండాలి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, షరతులు తగిలించకూడదు, అనుమానానికి తావుండకూడదు. ఇస్తున్నట్టు స్పష్టంగా ఒక పని చేసి చూపాలి. అంటే ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి చెల్లదు. ‘మౌనం అర్ధాంగీకారం’ అనే మన సామెతకు ఇక్కడ చోటు లేదు.

భాషాభిమానులకు అసలు విందు ఇది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. మన తెలుగు అందులో ఉంది. ఆ చట్టం కింద నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. నోటీసు, సమ్మతి భాగాలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువిచ్చారు. ఈలోగా ఎవరో ఒకరు ఆ తెలుగు రాస్తారు. మెషీన్‌తో రాయిస్తారని నా భయం.

ఖమ్మం, లెక్కల టీచర్:

ఒక సందేహం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నారు. పిల్లలెవరో తెలియాలంటే అందరి వయసూ అడగాలి కదా? శ్లోకంలో మొట్టమొదటి గోప్యమే గోవిందా.

హైదరాబాద్, వకీలు:

నిజమే సార్. చట్టం చేసినవాళ్లనూ ఇదే తిప్పలు పెట్టింది.

ఏలూరు, తెలుగు లెక్చరర్:

పండితులవారి వ్యుత్పత్తి నాకు నచ్చింది. అయినా జనం వ్యుత్పత్తి చూసి మాట్లాడరు, వింటే ఏం తోస్తుందో అదే వాళ్లకు అర్థం. హక్కు పేరుగా ‘గోప్యత’ను ఉండనిద్దాం, అది ఇక కదలదు. నోటీసులోకి మాత్రం దాన్ని రానివ్వకూడదని నా పట్టు. అక్కడ ఎవరు అడుగుతున్నారు, ఏది తీసుకుంటున్నారు, ఎందుకు అన్నవి క్రియల్లో కనిపించాలి. ఇప్పుడు తెలుగులో దొరికేవి ఇలా ఉంటున్నాయి: ‘సేవల మెరుగుదల నిమిత్తం వినియోగదారు సమాచారం సేకరించబడవచ్చు’. ఈ ‘బడవచ్చు’లో కర్త దాక్కున్నాడు. దాచడం తప్పని మనకు చెప్పేవాడు వ్యాకరణంలో తానే దాక్కుంటున్నాడు!

లోన్ యాప్‌కు నేనొక నమూనా రాశాను, చీల్చి చెండాడండి.

‘మీకు అప్పు ఇవ్వడానికి మీ పేరు, పాన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మేము తీసుకుంటున్నాం. మీ కాంటాక్టులు, ఫోటోలు మేము చూడం. తీసుకున్నది మరెవరికీ అమ్మం. మీరు ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు.’

అనంతపురం, బ్యాంకు ఉద్యోగి:

మొదటి మూడు వాక్యాలు మా కౌంటర్ దగ్గర ఎవరికైనా అర్థమవుతాయి. ‘ఉపసంహరించుకోవచ్చు’ దగ్గర ఆగిపోతారు.

విజయనగరం, హైస్కూలు టీచరమ్మ:

‘ఒప్పుకున్నది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు’ అనండి. చాలు.

హైదరాబాద్, వకీలు:

దానికి ఇంకో ముక్క తగిలించాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని చట్టం. ‘ఒప్పుకున్నంత సులువుగానే, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. దానికి ఇక్కడ నొక్కండి.’

డల్లాస్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:

ఆ ‘ఇక్కడ’ను అదే పేజీలో పెట్టమనండి సార్. సెట్టింగ్స్‌లో ఏడు మెట్లు దిగాక పెట్టేది మావాళ్లే.