డ్రోన్ దారివ్వాలా, విమానం ముందే తన ఉనికి చెప్పాలా?

లైన్‌మ్యాన్: కరెంటు లైన్ల తనిఖీకి డ్రోన్ నడుపుతాను. 400 అడుగులు దాటకూడదన్నది చాలా దేశాల్లో ఉన్న హద్దు. కానీ హెలికాప్టర్లు, మందు చల్లే విమానాలు ఆ గీత చూసుకుని ఎగరవు కదా. నా డ్రోన్‌లో ఏడీఎస్-బీ రిసీవర్ ఉంది, అంటే విమానాలు రేడియోలో పంపే సమాచారాన్ని పట్టేది. తన స్థానం ప్రసారం చేసే విమానం దగ్గరికొస్తే స్క్రీన్ మీద కనిపిస్తుంది, వెంటనే దించేస్తాను. పోయిన నెల స్క్రీన్ ఖాళీగా ఉండగానే హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. చప్పుడు విని దించాను, లేకపోతే ఏమయ్యేదో! కింద ఎగిరే ప్రతిదీ ప్రసారం చేయాలని ఎందుకు పెట్టకూడదు? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2025 ఆగస్టులో తెచ్చిన ముసాయిదా కూడా అటే మొగ్గింది. ప్రసారం చేయని విమానానికి చాలాచోట్ల డ్రోన్ దారివ్వక్కర్లేదట.

గుడ్డరెక్క: నేను పారాగ్లైడర్‌ని. నా విమానమంటే గుడ్డ, తాళ్లు, నేను. రోడ్డు మీద నడిచేవాడు మెడలో లైటు వేసుకోలేదు కాబట్టి గుద్దినవాడి తప్పు లేదంటారా?

పాత మెకానిక్: ఇద్దరూ ఒక లెక్క చూడండి. 120 నాట్లలో వచ్చే హెలికాప్టర్ సెకనుకు 62 మీటర్లు కదులుతుంది. పైలట్ చూసి, గుర్తుపట్టి, తప్పుకోవడానికి ఎఫ్ఏఏ చెప్పే సమయం 12.5 సెకన్లు. అంటే 770 మీటర్ల ముందే డ్రోన్ కనపడాలి. 35 సెంటీమీటర్ల డ్రోన్ అంత దూరంలో ఎలా ఉంటుందంటే, చేయి చాచి పట్టుకున్న కాగితం మీద 0.3 మిల్లీమీటర్ల చుక్కలా! పైగా ఢీకొనే దారిలో ఉన్న వస్తువు అద్దం మీద పక్కకు జరగదు, ఒకేచోట ఉండి పెద్దదవుతుంది. కదలనిదాన్ని కన్ను పట్టదు. కాబట్టి పైలట్ చూసి తప్పుకుంటాడన్న మాట మర్చిపోండి.

గుడ్డరెక్క: సరే, తప్పుకోవాల్సింది డ్రోనే అని మీరే తేల్చేశారు. 2017లో న్యూయార్క్ స్టాటన్ ఐలాండ్ దగ్గర సైనిక హెలికాప్టర్ బ్లాక్ హాక్‌ను డ్రోన్ గుద్దింది. దాన్ని నడిపినాయన కంటికి కనిపించనంత దూరం పంపేశాడు. గుద్దుకున్న సంగతి దర్యాప్తు అధికారులు చెప్పేదాకా ఆయనకు తెలియనే తెలియదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల మీద నీళ్లు చల్లే విమానం రెక్కకు బొక్క పడింది. అక్కడా డ్రోన్ యజమాని కంటికి ఆనని దూరానికి పంపినవాడే. వీళ్లను మా ప్రసారం ఆపేదా?

లైన్‌మ్యాన్: వాళ్లను ఏ రూలూ ఆపదండీ, నిషేధం ఉన్నచోట ఎగరేశారు. నేను అడిగేది రూలు పాటించేవాళ్ల గురించి. పోనీ డ్రోన్లే ప్రసారం చేయాలా?

పాత మెకానిక్: ఏడీఎస్-బీలో వద్దు. లక్షల డ్రోన్లు ఒకే ఫ్రీక్వెన్సీలో అరిస్తే విమానాల మాట మునిగిపోతుంది. అందుకే అమెరికాలో చిన్న డ్రోన్లకు మామూలుగా అది నిషిద్ధం. డ్రోన్ తన గుర్తింపు చెప్పుకునే రిమోట్ ఐడీ ఉంది గానీ, అది వైఫై, బ్లూటూత్‌లో పోతుంది. పోలీసు ఫోన్లో కనిపిస్తుంది, పైలట్‌కు కాదు.

గుడ్డరెక్క: నా వేరియోలో, అంటే ఎంత వేగంగా పైకి లేస్తున్నానో, దిగుతున్నానో చూపే పరికరంలో, ఫ్లార్మ్ ఉంది. గ్లైడర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వాడేది, అరచేతిలో పడుతుంది. నేను ప్రసారం చేస్తూనే ఉన్నాను లైన్‌మ్యాన్ గారూ. మీ డ్రోన్ వింటోందా?

లైన్‌మ్యాన్: ఇప్పుడే మాన్యువల్ తీసి చూశాను. వినదండీ. ఏడీఎస్-బీ ఒక్కటే.