విదేశంలో డ్యూటీ చేస్తున్న తమ్ముడికి ఉత్తరం, పార్సిల్: మీరెలా పంపారు?

పలాస అక్క:
మా తమ్ముడు ఆర్మీలో నాయక్. ఐరాస శాంతి దళంతో దక్షిణ సూడాన్ వెళ్ళి రెండు నెలలైంది. ఫోన్ ఉంది గానీ "తిన్నావా, పడుకున్నావా" అనేలోపే కట్ అయిపోతుంది. అందుకే అమ్మ ఉత్తరం రాద్దామంటోంది, సున్నుండలు కూడా పంపాలట. పంపినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. ఇంకో సంగతి. పెయ్యగా ఉన్నప్పటి నుంచి వాడే సాకిన ఆవు మొన్న చచ్చిపోయింది. రాయాలా, వద్దా?

మాజీ హవల్దార్, గిద్దలూరు:
అమ్మా, యూనిట్ పేరు, క్యాంపు ఉన్న ఊరు ఇక్కడ పెట్టలేదు, మంచి పని చేశారు. కవరు మీద కూడా దేశం పేరు, ఊరి పేరు వద్దు. సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు (కొందరికి 99), చివర 9తో మొదలయ్యే పిన్‌కోడ్. అవన్నీ తమ్ముడినే అడిగి రాసుకోండి.

1988లో నేను శ్రీలంకలో ఉన్నాను. మా ఆవిడ నీలం ఇన్‌లాండ్ లెటరు నిండా రాసి, చోటు చాలక జిగురు అంటించే అంచు మీద కూడా రాసేది. చింపేసరికి ఆ మాటలు కాస్తా పోయేవి! పైగా నాలుగైదు ఉత్తరాలు ఒకేసారి వచ్చిపడేవి. పాపకి జ్వరం తగ్గిందని ముందు చదివాను, జ్వరం వచ్చిందన్న ఉత్తరం తర్వాత చదివాను. తగ్గిందని తెలిసి కూడా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి ఉత్తరం పైనా నంబరు వేయించాను. మీరూ వేయండి.

తాడేపల్లిగూడెం కోడలు:
మా ఆయన కాంగోలో, గోమా వైపు చేసొచ్చారు. మొదటిసారి ఆవకాయ పంపాను. డబ్బాకి ఎంత టేపు చుట్టినా నూనె కారిపోయింది. బనియన్లు, మా పిల్లాడు గీసిన బొమ్మ, అన్నీ ఎర్రగా అయిపోయాయట. ఆ తర్వాత కందిపొడి, కరివేపాకు కారం, నువ్వులపొడి, అంతే. పూర్తిగా చల్లారాకే కవర్లలో కట్టండి, వేడి మీద కడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. సున్నుండలు చుట్టి పంపితే దారిలో ముద్దయిపోతాయి అక్కా. మినప సున్నిపిండిలో బెల్లం కలిపి పంపండి. లంగర్‌లో (వాళ్ళ వంటశాల) నెయ్యి అడిగి తనే చుట్టుకుంటాడు.

సెలవుకొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిస్తే ఇంకా మేలు. కిలోకి మించొద్దు, పాపం మొహమాటానికి మోస్తారు. గసగసాలు వేసిన మసాలా మాత్రం ఇవ్వకండి. దారిలో గల్ఫ్‌లో విమానం మారాల్సి వస్తే అక్కడ అవి నిషేధం.

డాలస్ అమ్మ:
మా అబ్బాయిది అమెరికా ఆర్మీ. ఇక్కడి చిరునామాలోనూ ఏపీఓ అనే ఉంటుంది, దేశం పేరు రాయకూడదు. తపాలా ఖర్చు కూడా దేశంలో పంపినంతే. ఏపీఓ పక్కన యూరప్, మధ్యప్రాచ్యం వైపైతే ఏఈ, పసిఫిక్ వైపైతే ఏపీ. వాడు జపాన్‌లో ఉన్నప్పుడు కవరు మీద ఏపీ అని చూసి, "ఆంధ్రప్రదేశ్ వచ్చాడా, మరి ఇంటికి రాడేం?" అని మా అత్తగారు అలిగారు.

కడప కుర్రాడు:
అక్కా, ఆవు సంగతి దాచకండి. మా అమ్మమ్మ పోయినప్పుడు నేను లెబనాన్‌లో ఉన్నాను. దినాలు అయ్యాక చెబుదామనుకున్నారు ఇంట్లో. ఈలోపు మా బావమరిది స్టేటస్‌లో దండ వేసిన ఫొటో పెట్టాడు. రాత్రి గార్డు డ్యూటీకి వెళ్ళబోతూ చూశాను. ఇప్పటికీ ఇంట్లో "అందరం బాగున్నాం" అంటే నమ్మబుద్ధి కాదు.

తాడేపల్లిగూడెం కోడలు:
చావు కబురు వేరు తమ్ముడూ. పొలం గట్టు తగాదా, చీటీ డబ్బుల గొడవ కూడా రాయాలా? తుపాకీ పట్టుకుని నిలబడే మనిషికి ఆ టెన్షన్ ఎందుకు?

మాజీ హవల్దార్, గిద్దలూరు:
తేలిపోయిన సంగతి రాయండి, తేలనిది తేలాక రాయండి. "ఆవు పోయింది, తోటలోనే పూడ్చాం, దూడ బాగుంది" అంటే ఒక పూట బాధపడి ఊరుకుంటాడు. "ఆవుకి బాగోలేదు, డాక్టరు రాలేదు" అని ఆపేస్తే మళ్ళీ ఉత్తరం వచ్చేదాకా అదే తలలో తిరుగుతుంది.

పాత స్టాంపులు:
కొంచెం పక్క విషయం. ఆ కవర్లు పారేయకండి. మా పెదనాన్న గాజా నుంచి రాసిన ఉత్తరం మీద 1965 నాటి నెహ్రూ స్టాంపు ఉంది, దాని మీద యూఎన్ఈఎఫ్ (అప్పట్లో అక్కడున్న ఐరాస దళం పేరు) అని అచ్చు. ఉత్తరంలో ఉన్నదంతా వడ్ల ధర గురించే.

పలాస అక్క:
అందరికీ థ్యాంక్స్. అమ్మ చెబుతుంటే నేను రాశాను, పైన 1 అని వేశాం. ఆవు సంగతి హవల్దార్ బాబాయ్ చెప్పినట్టే రాసి దూడ ఫొటో పెట్టాం. సున్నిపిండి కిలో.

నిన్న రాత్రి వాడు ఫోన్ చేశాడు, పార్సిల్ ఇంకా అందలేదట. ఇంకేం కావాల్రా అంటే, తిత్లీ తుపానుకి చెట్లు పడిపోయిన చోట తను నాటిన కొబ్బరి గెల వేసిందా అని అడిగాడు. లైను కట్ అయిపోయింది. మూడు పేజీలు రాశాం గానీ ఆ చెట్టు ఊసే ఎత్తలేదు. పొద్దున్నే అమ్మ తోటకెళ్ళి చూసొచ్చింది. 2 మొదలుపెట్టాం.