తొమ్మిదేళ్లకే ఎత్తుకుపోయిన పిల్లవాడికి 25 ఏళ్ల జైలు న్యాయమేనా?

ప్రశ్న (లా విద్యార్థి):
డొమినిక్ ఆంగ్వెన్ కేసు చదువుతున్నాను. ఉత్తర ఉగాండాలో బడికి వెళ్తుంటే లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం వాళ్లు ఎత్తుకుపోయారు. అప్పటికి సుమారు తొమ్మిదేళ్లు. ఆ అడవిలోనే పెరిగి బ్రిగేడ్ కమాండర్ అయ్యాడు. 2021లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం 61 నేరాలు రుజువయ్యాయని 25 ఏళ్లు వేసింది. 15 ఏళ్లలోపు పిల్లల్ని సైన్యంలోకి లాగడం కూడా వాటిలో ఉంది. తనకు జరిగిందే తనూ చేశాడు. ఇతన్ని ఏమనాలి?

జవాబు (పల్నాటి పిల్ల):
అన్యాయం. తొమ్మిదేళ్లవాడికి ఏం తెలుస్తుంది? తుపాకీ ఇచ్చిన ఆ దళం నాయకుడు జోసెఫ్ కోనీని పట్టుకోవాలి ముందు.

జవాబు (కంపాలా రావు):
అమ్మా, చిన్నప్పుడు చేసినవాటికి శిక్ష వేయలేదు. 18 నిండకముందు చేసినవాటిపై ఆ కోర్టుకు అధికారమే లేదు. విచారించింది 2002-2005 మధ్య నేరాలు. 2004లో లుకోడి, ఓడెక్ నిర్వాసితుల శిబిరాల మీద దాడులు జరిగేనాటికి అతనికి పాతికేళ్లు దాటాయి. చిన్ననాటి అపహరణను జడ్జీలు లెక్కలోకి తీసుకున్నారు కాబట్టే యావజ్జీవం పడలేదు.

నేను కంపాలాలో మందుల కంపెనీలో చేసేవాణ్ణి. మా ఆఫీసులో ఉత్తర ఉగాండాలోని గులు పట్టణం వైపు అమ్మాయి ఉండేది. చిన్నప్పుడు పొద్దు వాలగానే చాప చంకన పెట్టుకుని ఊరి పిల్లలందరితో కలిసి టౌనుకు నడిచేదట. ఇంట్లో పడుకుంటే ఎత్తుకుపోతారని బస్టాండులోనో, షాపుల వరండాల్లోనో నిద్ర. తెల్లారాక మళ్లీ నడక, ఆ తర్వాత బడి. వాళ్ల అన్నను ఎత్తుకుపోయారు. ఏళ్ల తర్వాత తిరిగొస్తే గుమ్మం ముందు కోడిగుడ్డు తొక్కించి ఇంట్లోకి తీసుకున్నారు. అది అక్కడి అచోలీ తెగవాళ్ల ఆచారం. 2000 నాటి క్షమాభిక్ష చట్టం కింద అలా వేలమంది ఇళ్లకు చేరారు.

ఆంగ్వెన్ గురించి అడిగితే ఆమె కోపంగా, "మా అన్న కూడా పిల్లాడేగా, ఊళ్లు తగలబెట్టించలేదే" అంది. నేను ఆమె వైపే. అతను బాధితుడే, అందులో అనుమానం లేదు. కానీ అతని మనుషులు పట్టుకుపోయిన పిల్లల తల్లులకు కూడా కోర్టు జవాబు చెప్పాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. ఇలాంటి కేసు ఇంకోటి ఉందా?

జవాబు (కంపాలా రావు):
థామస్ క్వోయెలో, అదే దళంలో కమాండర్. ఇతన్నీ చిన్నప్పుడే ఎత్తుకుపోయారు. 2024లో గులులోనే ఉగాండా హైకోర్టు 40 ఏళ్లు వేసింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదువు బాబూ. పైన పల్నాటి పిల్ల అడిగిన కోనీ మీద 2005 నుంచీ వారెంటు ఉంది, ఇంకా దొరకలేదు. నాకు మండేది అక్కడే.