ట్యూనా సలాడ్‌లో పెరుగు కలుపుతున్నా, అమ్మ గొడవ చేస్తోంది. ఎవరిది రైటు?

టెక్సాస్_కోడలు
డాలస్ దగ్గర ఉంటాను. మామయ్యగారికి ఆపరేషనని మా ఆయన గుంటూరు వెళ్లి ఆరు వారాలైంది. ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ. జనవరిలో నా ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 6.1 వచ్చింది. ప్రీడయాబెటిస్ అని చెప్పి, మధ్యాహ్నం అన్నం తగ్గించమంది డాక్టరు.

పిల్లల బాక్సులు కట్టేసరికి నా బాక్సుకి ఓపిక మిగలదు. అందుకే వారానికి నాలుగు రోజులు ట్యూనా సలాడే. డబ్బా మూత కోసి, ఆ మూతనే బొటనవేళ్లతో అదిమి, గంజి వార్చినట్టు సింకులో నీళ్లు వార్చేస్తాను. ఉల్లిపాయ, కీరా, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి వేసి, మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతాను. మయొనైజ్‌కి బదులు గట్టి పెరుగు రెండు స్పూన్లు. ఎనిమిది నిమిషాల పని.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ చూసేసింది. "చేపల్లో పెరుగేంటే, బొల్లి వస్తుంది!" అని కేకలు. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండింటికి మళ్లీ ఫోన్ చేసి, "పిన్నిని కూడా అడిగాను, అదీ వద్దంటోంది" అంది. నవ్వొచ్చింది గానీ, పొద్దున పెరుగు గిన్నె దగ్గర చెయ్యి ఆగిపోయింది. తినొచ్చా, తినకూడదా? అసలు వారానికి నాలుగు సార్లు ఎక్కువా?

లెక్కల_మాస్టారు
తినండమ్మా, నిశ్చింతగా. బొల్లి తిండి వల్ల వచ్చేది కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేస్తే వచ్చేది. చేపలూ పెరుగూ కలిపి తింటే వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. బెంగాలీలు దోయ్ మాఛ్ అని చేపల కూరని పెరుగులోనే వండుకుంటారు. మీ అమ్మగారి మాట నిజమైతే కోల్‌కతాలో సగం ఊరికి మచ్చలుండాలి.

పెద్దక్క_నెల్లూరు
మాస్టారూ, కోల్‌కతా సంగతి కోల్‌కతాకి. మా ఇంట్లో చేపల పులుసు వండిన పూట మజ్జిగ కూడా పోసేవాళ్లు కాదు. చరక సంహితలో కూడా పాలూ చేపలూ విరుద్ధాహారమనే ఉంది. ఇన్ని తరాల వాళ్లు వద్దన్నారంటే ఏదో ఒకటి చూసే అని ఉంటారు. ఒక్క దోయ్ మాఛ్‌తో కొట్టిపారేస్తే ఎలా?

లెక్కల_మాస్టారు
అక్కగారూ, మీరు చూపించింది పాల సంగతి. గొడవ పెరుగు మీద.

పెద్దక్క_నెల్లూరు
పాలు లేకుండా పెరుగు ఎక్కడి నుంచి వస్తుంది నాయనా?

నైట్_షిఫ్ట్_నర్సు
పెరుగు మీద మీరు కొట్టుకుంటుంటే అక్క అడిగిన రెండో ప్రశ్న మూలన పడింది. అక్కా, డబ్బా మీద "చంక్ లైట్" అని ఉందా, "ఆల్బకోర్ వైట్" అని ఉందా? రెండూ ట్యూనాలే గానీ పాదరసం లెక్క వేరు. ఇక్కడి ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) పరీక్షల్లో లైట్ డబ్బాల సగటు 0.126 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు), ఆల్బకోర్‌ది 0.350. అంటే దాదాపు మూడింతలు. లైట్‌లో ఎక్కువగా స్కిప్‌జాక్ అనే చిన్న రకం ఉంటుంది. ఆల్బకోర్ అంతకంటే పెద్ద చేప, ఎక్కువ కాలం బతుకుతుంది, పాదరసం కూడా ఒంట్లో ఎక్కువ పేరుకుంటుంది.

గర్భిణులకీ, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకీ, పాలిచ్చే తల్లులకీ ఎఫ్‌డీఏ వాళ్లు చెప్పేది ఇదీ: లైట్ అయితే వారానికి రెండు మూడు సార్లు, ఆల్బకోర్ అయితే ఒక్కసారి. ఒక్కోసారికి నాలుగు ఔన్సులు, అంటే 113 గ్రాములు. మామూలు డబ్బా నీళ్లు వార్చాక ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ వారంలో వేరే చేపలు తింటే అవీ లెక్కలోకే వస్తాయి. నాలుగు రోజులు ఆల్బకోరే తింటుంటే మాత్రం మార్చుకో అక్కా. పిల్లలకి పెడితే ఇంకా తక్కువ పెట్టాలి.

బజ్జీ_బాబు
ఆఫీసులో పక్క సీటువాళ్ల ముక్కు గురించి ఎవరూ ఆలోచించరేం?

టెక్సాస్_కోడలు
బాబూ, చల్లగానే తింటాను, మైక్రోవేవ్‌లో పెట్టను. మా టీమ్‌లో ఒకాయన రొయ్యల వేపుడు వేడిచేసిన రోజు నువ్వు ఉండాల్సింది.

నర్సమ్మా, చూశాను. ఆల్బకోరే! రెండు డబ్బాలకి డాలర్ తగ్గింపు అని తెచ్చాను.

కందిపప్పు_వాది
నా గొడవ పెరుగుతోనూ కాదు, పాదరసంతోనూ కాదు, "లైట్ లంచ్" అనే మాటతో. రెండేళ్లు నేనూ ఇదే తిన్నాను. ఒంటిగంటకి తింటే మూడింటికి కడుపులో ఎలుకలు. నాలుగింటికి వెండింగ్ మెషీన్ ముందు నిలబడి చిప్స్ ప్యాకెట్ చింపేవాణ్ని. డబ్బాలో ప్రొటీన్ ఓ ఇరవై గ్రాములు ఉంటుంది, బాగానే ఉంది. పీచు మాత్రం సున్నా. నాలుగు కీరా ముక్కలు ఏం నిలబెడతాయి చెప్పండి. రాత్రి ఓ గుప్పెడు శనగలు నానబెట్టి ఉడికించి అందులో వేయండి, లేదా బొబ్బర్లు. నా మటుకు నేను ట్యూనా మానేసి పెసల గుగ్గిళ్లకి వచ్చేశాను. ఏ సముద్రం వాసనా లేదు, ఏ అమ్మా ఫోన్ చేయదు.

అన్నట్టు, మయొనైజ్ మానేసి మంచి పని చేశారు. అది ఒక్క టేబుల్ స్పూన్‌కే తొంభై క్యాలరీలకి పైన.

హార్బర్_కుర్రోడు
మాది వైజాగ్. నాన్న బోటు మీద వెళ్లేవాడు. ట్యూనా పడగానే ఐసులో పూడ్చకపోతే ఇక దాన్ని ఎవడూ కొనడని అనేవాడు. ఈ జాతి చేపలు వెచ్చగా ఉండిపోతే హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రగా కందిపోయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ఇంకోసారి వండినా అది పోదు.

ఇది నా ఊహ మాత్రమే: ఐసు లేని రోజుల్లో పాడైన చేప తిని ఎవరికో ఒళ్లు ఎర్రబడి ఉంటుంది, ఆ పక్కనే ఉన్న పెరుగన్నం మీద నేరం పడి ఉంటుంది. పెద్దక్క గారూ, మీవాళ్లు చూసింది అబద్ధం కాకపోవచ్చు, దొంగని మార్చి పట్టుకున్నారేమో.

కోడలు గారూ, మీ టెక్సాస్ ఎండల్లో బాక్సు కార్లో వదలకండి. మామూలుగా రెండు గంటలు దాటి బయట ఉంచకూడదంటారు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ఐస్ ప్యాక్ పెట్టుకోండి. తెరిచిన డబ్బాలో మిగిలితే వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

పెద్దక్క_నెల్లూరు
కుర్రాడు బాగా చెప్పాడు. అయినా నేను కలపను. అమ్మాయీ, మీ అమ్మకి బెంగాల్ కథలు చెప్పకు. "సరే అమ్మా, మానేశాను" అని ఒక్క ముక్క అనెయ్. ఒక్కదానివే పిల్లలతో అవస్థ పడుతున్నావని ఆవిడ దిగులు.

టెక్సాస్_కోడలు
తెలుసు పెద్దక్కా. అయితే అర్ధరాత్రి పన్నెండింటికి మోగితే ఆ దిగులు కూడా బరువే. పొద్దున ఆరింటికి లేవాలి నేను. "వద్దు" అనే ప్రతి మాటకీ బదులు ఇంకేం తినాలో కూడా నేనే ఆలోచించుకోవాలి. ట్యూనాతో నాకున్న సుఖం అదొక్కటే, ఏం వండాలా అని ఆలోచించక్కర్లేదు.

సరే, ఈ వారం ఏం చేశానో చెప్తాను. ఆల్బకోర్ ఆపేసి లైట్ డబ్బాలు తెచ్చాను, సోమ, గురువారాలకే. మిగతా రెండు రోజులు కందిపప్పు వాది గారి శనగలు. సాయంత్రం చిప్స్ ఇంకా మానలేదు, అబద్ధం ఎందుకు. పెరుగు తీసేసి, చెంచాడు నువ్వుల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి చల్లారాక కలిపాను. నిజం చెప్పాలంటే పెరుగు కంటే ఇదే బాగుంది, మా చిన్నది కూడా రెండు ముద్దలు అడిగి తింది.

నిన్న అమ్మకి గర్వంగా చూపించాను, పెరుగు లేదు చూడు అని. కాసేపు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "సరే గానీ, ఆ డబ్బాలో చేప పట్టి ఎన్నేళ్లయిందే?" అంది.