ప్రాయశ్చిత్తానికి కొలత ఏది? మరణశిక్ష పడినవాళ్ల సైన్యం గురించి ఒక సందేహం

ప్రశ్న (బురదకోట):

అందరికీ నమస్కారం. కొంతకాలంగా ఒక డార్క్ ఫాంటసీ నవల రాస్తున్నాను. 12 అధ్యాయాలు పూర్తయ్యాయి. అందులోని రాజ్యంలో ఉరిశిక్ష పడినవాడికి రెండే దారులుంటాయి: తెల్లవారకముందే ఉరికంబం ఎక్కడం, లేదా ఉత్తరాన చిత్తడినేలల అంచున ఉన్న కోటకు వెళ్లి, చీకటి పడ్డాక ఆ బురదలోంచి లేచి వచ్చేవాటితో పోరాడడం. 7 సంవత్సరాలు ప్రాణాలతో నిలిచినవాడికి, పాపం తీరిపోయిందని రాజముద్ర వేసిన పత్రం ఇస్తారు. కథానాయకుడు రేవులో పడవ నడిపినవాడు. వరద రోజుల్లో నగల మూటల కోసం 11 మందిని నడి ఏటిలో ముంచినవాడు.

రాతప్రతి చదివిన మా అక్క, "ఇందులో ప్రాయశ్చిత్తం ఎక్కడుందిరా? ఏడేళ్ల వెట్టిచాకిరీ, చివర్లో ఒక రసీదు" అని తీసిపారేసింది. ఆమె మాట కాదనలేకపోతున్నాను. నిజ చరిత్రలో నేరస్థులను యుద్ధానికి పంపినప్పుడు, వాళ్ల తప్పు తీరిందని దేన్నిబట్టి తేల్చారో, తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉండేదో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (పాతపటం):

మీ కోటకు బాగా దగ్గరగా వచ్చేవి రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం నడిపిన శిక్షా దళాలు. 1942 జూలై 28న స్టాలిన్ జారీ చేసిన 227వ నంబరు ఉత్తర్వు, పిరికితనం వల్లనో నిలకడ లేకపోవడం వల్లనో క్రమశిక్షణ తప్పిన అధికారులను శిక్షా బెటాలియన్లలోకీ, సామాన్య సైనికులను శిక్షా కంపెనీలలోకీ పంపి, యుద్ధరంగంలో మరింత కష్టమైన చోట్ల నిలబెట్టి, మాతృభూమికి చేసిన ద్రోహాన్ని రక్తంతో తీర్చుకునే అవకాశం వాళ్లకు ఇవ్వాలని ఆదేశించింది. కారాగారాల నుంచి వచ్చిన ఖైదీలు కూడా ఈ దళాల్లో చేరారు. యుద్ధం ముగిసేలోగా వీటి గుండా వెళ్లినవారు 4,27,910 మంది అని రష్యన్ సైనిక చరిత్రకారుల లెక్క.

ఇక కొలత సంగతి. గడువు గరిష్ఠంగా 3 నెలలు. కోర్టు వేసిన 10 సంవత్సరాల శిక్షకు బదులు కట్టింది ఆ 3 నెలలే. అయితే రక్తం అన్న మాటను నిబంధనలు అలంకారంగా వదిలేయలేదు. పోరులో గాయపడినవాడు ఆ క్షణానికే శిక్ష పూర్తి చేసినట్టు లెక్క; ఆసుపత్రి నుంచి మామూలు దళానికి వెళ్లిపోతాడు. బెటాలియన్‌లో చేరిన అధికారి హోదాతో పాటు పతకాలను కూడా తీసుకుని ఫ్రంట్ సిబ్బంది విభాగంలో భద్రపరిచేవారు, విడుదలయ్యాక తిరిగి ఇచ్చేవారు. అంటే తేల్చినది గాయం, దాన్ని నమోదు చేసినది కార్యాలయం. గాయమే విడుదల అయినచోట తనను తాను కాల్చుకునేవాడు తప్పక పుడతాడు కనుక, అటువంటి గాయానికి మరణశిక్ష ఉండేది. మీ అక్కగారు చెప్పిన రసీదు ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది.

జవాబు (తాళపత్రం):

పై జవాబు చదవగానే యాజ్ఞవల్క్య స్మృతిలోని ఒక శ్లోకం గుర్తుకొచ్చింది. బ్రహ్మహత్య చేసినవాడు యుద్ధంలో బాణాలకు గురిగా నిలబడి చనిపోతే శుద్ధుడవుతాడనీ, దెబ్బలు తిని చచ్చినంత పనై బతికి బయటపడినా శుద్ధుడే అవుతాడనీ అందులో ఉంది. యాజ్ఞవల్క్యుడి మిథిల ఎక్కడ, స్టాలిన్ మాస్కో ఎక్కడ! అయినా ఇద్దరూ గాయం దగ్గరే గీత గీశారు.

మనుస్మృతి 11వ అధ్యాయం ఇదే విధిని చెబుతూ రెండు మాటలు చేర్చింది, మీ నవలకు అసలు పనికొచ్చేవి అవే. మొదటిది, అతడు తన ఇష్టంతోనే గురిగా నిలబడాలి. రెండవది, బాణం వేసేవాళ్లు "ఎరిగినవారు" అయి ఉండాలి. ఇతడు పాపం తీర్చుకోవడానికి నిలబడ్డాడని వాళ్లకు తెలిసి ఉండాలని దానికి వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అదే అధ్యాయంలో మరో మార్గం కూడా ఉంది: అడవిలో గుడిసె వేసుకుని, శవం పుర్రెను ధ్వజంగా పట్టుకుని, బిచ్చమెత్తి తింటూ 12 సంవత్సరాలు గడపాలి. బిచ్చం వేసే ఇల్లాలికి ఆ పుర్రెను చూడగానే విషయమంతా తెలిసిపోతుంది. సోవియట్ పద్ధతి మచ్చను చెరిపేస్తే, ఇది మచ్చను కర్రకు కట్టి ఊరంతా తిప్పింది.

ఈ గ్రంథాన్ని పొగడడానికి ఇదంతా రాయడం లేదు. చనిపోయినవాడు క్షత్రియుడైతే ప్రాయశ్చిత్తం నాలుగో వంతు, వైశ్యుడైతే ఎనిమిదో వంతు, శూద్రుడైతే పదహారో వంతు చాలునని అక్కడే ఉంది. 12 ఏళ్లలో పదహారో వంతు అంటే 9 నెలలు. మీ కోటలో కూడా ఇటువంటి పట్టిక ఒకటి గోడకు వేలాడుతూ ఉంటే, ఆ రాజ్యం ఎంత చీకటిదో చెప్పడానికి రాక్షసులు అక్కర్లేదు.

జవాబు (మేడిచెట్టు):

గాయాన్ని కొలతగా పెట్టుకున్నవాళ్ల గురించి చెప్పారు. శత్రువు తలను కొలతగా పెడితే ఏమవుతుందో రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. క్రీ.పూ. 216లో ఇటలీలోని కన్నే దగ్గర కార్థేజ్ సేనాని హన్నిబాల్ చేతిలో సైన్యం తుడిచిపెట్టుకుపోయాక, రోము 8,000 మంది బానిసలను, సైన్యంలో చేరడం ఇష్టమేనా అని ఒక్కొక్కరినీ అడిగి మరీ కొని ఆయుధాలిచ్చింది. మరణశిక్షకు తగిన నేరాలు చేసినవాళ్లనూ, అప్పుల కింద సంకెళ్లలో ఉన్నవాళ్లనూ కలిపి మరో 6,000 మందిని విడిపించి, గాల్ జాతివారి దగ్గర కొల్లగొట్టి ఊరేగించిన పాత ఆయుధాలను వాళ్ల చేతికిచ్చింది.

రెండేళ్ల తర్వాత బెనెవెంటం దగ్గర ఆ బానిస సైనికులను నడిపిన గ్రాకస్, శత్రువు తల తెచ్చినవాడు ఆ రోజే స్వతంత్రుడని ప్రకటించాడు. పోరు మొదలయ్యాక అసలు ఇబ్బంది తెలిసింది: ధైర్యవంతులు శవాల మీద వంగి తలలు కోయడంలో మునిగిపోయారు, కత్తి ఉండాల్సిన కుడిచేతిలో తల ఉంది, పోరాటం పిరికివాళ్ల మీద పడింది. తలలు పారేసి ముందుకు నడవండి, మీ స్వేచ్ఛకు ఢోకా లేదు అని సేనాని కబురు పంపితే గానీ యుద్ధం సాగలేదు.

గెలిచాక అందరికీ స్వేచ్ఛ ఇచ్చాడు, అయితే వెనకాడిన సుమారు 4,000 మంది చేత, సైన్యంలో ఉన్నన్నాళ్లూ జబ్బు చేస్తే తప్ప నిలబడే తింటాం, నిలబడే తాగుతాం అని ప్రమాణం చేయించాడు. ఆ రోజు ఊరివాళ్లు వీధుల్లో పెట్టిన విందులో కొందరు ఒరిగి కూర్చుని తింటుంటే, కొందరు నిలబడి వడ్డిస్తూనే తిన్నారు. ఆ దృశ్యాన్ని గ్రాకస్ రోములోని స్వేచ్ఛాదేవి గుడిలో బొమ్మగా గీయించాడు. నన్నడిగితే, మీ 7 సంవత్సరాల గడువు కంటే ఆ నిలబడి తినడం పాఠకుడికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

బురదకోట:

ముగ్గురికీ కృతజ్ఞతలు. గడువునూ రాజముద్ర పత్రాన్నీ తీసేస్తున్నాను. పడవవాడు తన పాత తెడ్డును ధ్వజంగా మోస్తాడు. కోట వంటశాలలో గంజి పోయించుకునే ముందు ప్రతి పూటా తాను ఎంతమందిని ముంచాడో పైకి చెబుతాడు. గోడ మీది పట్టిక మాత్రం ఉంటుంది, అందులో ఆ 11 మంది ఖరీదు కూడా ఉంటుంది. ఒక్క చిక్కు మిగిలింది. తాళపత్రం గారూ, ఎదురుగా ఉన్నవాళ్లకు తెలిసి ఉండాలన్నారు. బురదలోంచి లేచేవాటికి బుద్ధి లేదని మూడో అధ్యాయంలోనే రాసేశాను. ఇతడు ఎందుకు నిలబడ్డాడో వాటికి ఎలా తెలుస్తుంది?

తాళపత్రం:

మీ చిత్తడినేలలోకి వచ్చి కలిసే ఏరు ఏదండీ? ఆ రేవు కింది ఏరే అయితే, ఆ 11 మందికి అతడెవరో తెలుసు కదా.