కణాలను చంపుతున్నది గ్రీన్ టీలోని ఈజీసీజీయా, కణాలను పెంచే ద్రవంలో (మీడియంలో) పుట్టే పెరాక్సైడా?

ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్) కణాలకు పైరువేట్ లేని డీఎంఈఎం అనే మీడియంలో 50 మైక్రోమోలార్ ఈజీసీజీ ఇచ్చి 24 గంటలు ఉంచితే బతికున్న కణాలను రంగు మార్పుతో కొలిచే ఎంటీటీ పరీక్ష రీడింగ్ సగానికి పడిపోతోంది. ద్రావణిగా వాడిన డీఎంఎస్‌ఓ 0.1 శాతమే. పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్ కెటలేజ్ కలిపితే మాత్రం దెబ్బ దాదాపు మాయం. అంటే ఈజీసీజీ మీడియంలోనే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తోందన్నమాట. యాంటీఆక్సిడెంట్ అని పేరు, చేసే పని దానికి తలకిందులు!

పెరాక్సైడ్‌ను తటస్థం చేసే పైరువేట్ 1 మిల్లీమోలార్ కలిపితే చాలా, ప్రతి ప్లేటులో కెటలేజ్ కంట్రోల్ తప్పనిసరా?

ఇంకో చిక్కు: కణాలే లేకుండా ఈజీసీజీ ఉన్న ప్లేటు గుంతల్లోనూ (వెల్స్) ఎంటీటీ ఊదారంగుకు తిరుగుతోంది. ముందుగా పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం)తో కడిగితే రంగు తగ్గుతోంది కానీ, పట్టు వదిలిన కణాలూ కొట్టుకుపోతున్నాయి. కణాల ప్రోటీన్‌కు రంగు పట్టించి కొలిచే ఎస్‌ఆర్‌బీ పరీక్షకు మారడమే మేలా?

టీ తాగాక రక్తంలో ఈజీసీజీ సాధారణంగా 1 మైక్రోమోలార్ దాటదు. ఎంత తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టమంటారు?