షుగరింగ్ పాకం కుదరడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఇంట్లోనే షుగరింగ్ (పంచదార పాకం ముద్దతో ఒంటి మీది వెంట్రుకలు లాగి తీసేయడం) చేసుకుందామని ఇప్పటికి మూడుసార్లు పాకం పట్టాను. 2 కప్పుల పంచదార, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు. మొదటిసారి లేత తేనె రంగు రాగానే దించేశాను. చల్లారాక కూడా ముద్ద కట్టలేదు, వేళ్లకీ కాలికీ మధ్య తీగలు సాగుతూ ఉండిపోయింది. రెండోసారి ఇంకాస్త ఉంచితే రాయిలా బిగిసింది. గిన్నె వదిలించడానికి ఒక పూటంతా వేడినీళ్లు పోస్తూ కూర్చున్నాను, అది వేరే కథ.

ముదిరిన పాకంలో చెంచాడు నీళ్లు కలిపి మళ్లీ వేడి చేస్తే పనికొస్తుందా? నా దగ్గర థర్మామీటర్ లేదు. చల్లటి నీళ్లలో చుక్క వేసి, మెత్తటి ఉండ కడితే దించేయవచ్చా?

మూడోసారి కాస్త కుదిరింది. వెంట్రుకలు పెరిగే దిశకు ఎదురుగా రాసి, పెరిగే దిశలోనే లాగాను. నాలుగైదు లాగుళ్లు బాగానే వచ్చాయి, తర్వాత చేతి వేడికి ముద్ద జారిపోయి వేళ్లకే అంటుకుంది. ముందు పౌడర్ రాయాలా? చంకల్లో వెంట్రుకలు తలో దిక్కుకీ ఉంటాయి కదా, అక్కడ ఎలా చేస్తారు? అలవాటున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్. పంచదార డబ్బా ఖాళీ అయ్యేలా ఉంది.